పదవిలో ఒక స్త్రీ, ఓడలో 600 మంది స్త్రీలు
(మహిళా కార్యకర్తల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీలు - రాజకీయాధికారం అన్న అంశం మీద మాట్లాడమన్నారు. సిద్ధాంతంతో మొదలుపెట్టకుండా ఒక స్త్రీ జీవితాన్ని మీ ముందు పెడతాను. ఆమె పేరు మామ్ మాదియోర్ బోయ్. పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్ దేశానికి తొలి మహిళా ప్రధానమంత్రి. 2001 మార్చి నుంచి 2002 నవంబర్ దాకా, ఇరవై నెలలు ఆ పదవిలో ఉన్నారు.

ఆమె 1940లో సెయింట్ లూయిస్ పట్టణంలో పుట్టారు. అప్పటికింకా ఫ్రెంచి పాలనే. డాకర్‌లోనూ, తర్వాత పారిస్‌లోనూ న్యాయశాస్త్రం చదివి ప్రాసిక్యూటర్‌గా, న్యాయమూర్తిగా పనిచేశారు. సెనెగల్ మహిళా న్యాయవాదుల సంఘాన్ని స్థాపించినవారిలో ఆమె ఒకరు. 1975 నుంచి 1990 దాకా దానికి తొలి అధ్యక్షురాలు. 1972 నాటి ఆ దేశపు కుటుంబ చట్టంలో భర్తే కుటుంబ పెద్ద అని స్పష్టంగా రాసి ఉంది. అటువంటి చోట స్త్రీలకు చట్టం తెలియజెప్పడం, న్యాయ సలహా ఇవ్వడం ఎంత అవసరమో మనకు వేరే చెప్పనక్కర్లేదు. అంటే ఆమె రాజకీయ కుటుంబపు వారసురాలిగా రాలేదు. మనలాంటి పని చేసి వచ్చిన మనిషి.

2000లో సెనెగల్‌లో నలభై ఏళ్ల సోషలిస్టు పార్టీ పాలన ముగిసి అబ్దులాయ్ వాద్ అధ్యక్షుడయ్యాడు. ఆయన బోయ్‌ని న్యాయశాఖ మంత్రిని చేశాడు. 2001 జనవరిలో ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా కొత్త రాజ్యాంగం వచ్చింది. భూమి మీద స్త్రీలకూ పురుషులకూ సమాన హక్కు ఉంటుందని అందులో రాశారు. అది చిన్న విషయం కాదు. ఆ తర్వాత రెండు నెలలకే అప్పటి ప్రధాని ముస్తఫా నియాస్‌తో వాద్‌కు పొసగక, ఆ స్థానంలో బోయ్‌ని నియమించాడు. ఏప్రిల్‌లో పార్లమెంటు ఎన్నికలున్నాయి. ఏ పార్టీకీ చెందని మనిషి, అందులోనూ స్త్రీ, అధ్యక్షుడికి ఎన్నో విధాల ఉపయోగపడుతుంది. ఎన్నికల్లో వాద్ కూటమికి 120 స్థానాల్లో 89 వచ్చాయి. బోయ్‌కి మాత్రం సొంత పార్టీ లేదు, తనవాళ్లనుకునే శాసనసభ్యులు లేరు. ఆ రాజ్యాంగం ప్రకారం ప్రధానిని నియమించేదీ తొలగించేదీ అధ్యక్షుడే.

ఇప్పుడు ఓడ సంగతి. సెనెగల్ దక్షిణ ప్రాంతమైన కాసమాన్స్‌ను ఉత్తరాది నుంచి గాంబియా అనే చిన్న దేశం వేరుచేస్తుంది. 1982 నుంచి అక్కడ వేర్పాటు పోరాటం సాగుతుండడంతో రోడ్డు ప్రయాణం ప్రమాదకరం. అందుకే జిగిన్‌షోర్ నుంచి డాకర్‌కు వెళ్లే 'జోలా' ఓడే జనానికి దిక్కు. మామిడిపళ్లూ పామాయిలూ డాకర్ బజారులో అమ్ముకునే స్త్రీలకు అదే బతుకుదెరువు. ఆ ఓడను నడిపేది సైన్యం. దాదాపు ఏడాది పాటు మరమ్మతుల్లో ఉండి, 2002 సెప్టెంబర్‌లోనే అది మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. ఆ నెల 26 రాత్రి తుఫానులో గాంబియా తీరానికి దూరంగా బోల్తాపడింది. 580 మందికి సరిపోయే ఓడలో 1,900 మందికి పైగా ఉన్నారు. అధికారిక లెక్క ప్రకారమే 1,863 మంది చనిపోయారు. బతికింది 64 మంది. ఓడలో ఉన్న సుమారు 600 మంది స్త్రీలలో బతికి బయటపడింది ఒక్కరే. సహాయక బృందాలు చేరేసరికి తెల్లవారింది.

రాజ్యం బాధ్యత ఉందని అధ్యక్షుడే ఒప్పుకున్నాడు. ఇద్దరు మంత్రులు రాజీనామా చేశారు. నవంబర్ 4న వాద్ బోయ్‌నీ, ఆమె మంత్రివర్గాన్నీ తొలగించాడు. ఆయన పదవి మాత్రం పదిలంగానే ఉంది. 2003లో సెనెగల్ ప్రభుత్వం తప్పంతా ఓడతోపాటే పోయిన కెప్టెన్ మీద పెట్టి కేసు మూసేసింది. మృతుల్లో ఫ్రెంచి పౌరులు కూడా ఉండడంతో 2008లో ఒక ఫ్రెంచి న్యాయమూర్తి బోయ్‌తో సహా తొమ్మిదిమందిపై అరెస్టు వారంట్లు జారీ చేశాడు. 2009లో పారిస్ అప్పీలు కోర్టు ఆమె మీది వారంటును రద్దు చేసింది. మిగతా కేసు కూడా తర్వాత కొట్టేశారు. ఎవరి మీదా విచారణ జరగలేదు.

దీన్నుంచి మనకు రెండు తేలిక సమాధానాలు దొరుకుతాయి. 'స్త్రీ కాబట్టే బలిచేశారు' అన్నది ఒకటి. 'స్త్రీకి పాలన చేతకాలేదు' అన్నది రెండోది. రెండోది పితృస్వామ్యపు మాటేనని మనకు తెలుసు. కానీ మొదటిది కూడా చాలదు. ఆమెను మాత్రమే బాధితురాలిగా చూస్తే ఓడలో పోయిన ఆ స్త్రీలు మన లెక్కలోంచి జారిపోతారు. ప్రధానిగా ఆమె వాళ్లకు జవాబుదారీయే. అయితే సైన్యం నడిపే ఓడ మీద, అధ్యక్షుడి దయతో కూర్చున్న ప్రధానికి ఎంత అదుపు ఉంటుందన్నదీ అడగాల్సిందే. బాధ్యత పూర్తిగా ఆమెది, అధికారం పూర్తిగా వేరొకరిది అయిన చోట జవాబు చెప్పేవాళ్లెవరూ మిగలరు.

2013లో అమినాతా తురే సెనెగల్‌కు రెండో మహిళా ప్రధాని అయ్యారు. మరుసటి ఏడాది డాకర్‌లో స్థానిక ఎన్నికల్లో ఓడిపోగానే అధ్యక్షుడు మాకీ సాల్ ఆమెను తొలగించాడు. వీటి పక్కన ఇంకో మార్గం కూడా కనిపిస్తుంది. మహిళా సంఘాలు ఏళ్ల తరబడి పోరాడగా 2010లో అక్కడ సమాన ప్రాతినిధ్య చట్టం వచ్చింది. పార్టీల జాబితాల్లో స్త్రీ పురుషుల పేర్లు ఒకటి విడిచి ఒకటి ఉండాలి. 2012 ఎన్నికల్లో 150 స్థానాల్లో 64 మంది స్త్రీలు గెలిచారు. జాబితాలు రాసేది ఇంకా పార్టీలే, నిజమే. అయినా అది ఒక మనిషి ఇష్టంతో వచ్చి, ఇష్టంతో పోయే పదవి కాదు.

కాబట్టి ఒక స్త్రీకి పెద్ద పదవి వచ్చిందన్న వార్త విన్నప్పుడు సంతోషిద్దాం. దాంతోపాటే ఎవరు ఇచ్చారు, ఎవరు తీసేయగలరు, ఏ శాఖలు ఆమె మాట వింటాయి అని కూడా అడుగుదాం. అన్నిటికంటే ముందు, తెల్లవారుజామున సరుకు మూటలతో బజారుకు బయలుదేరే స్త్రీ ప్రయాణం ఆ పదవి వల్ల ఏమైనా భద్రమైందా అని అడుగుదాం. బోయ్ 2004లో ఆఫ్రికన్ యూనియన్ తరఫున యుద్ధ ప్రాంతాల్లో పౌరుల రక్షణ కోసం ప్రత్యేక ప్రతినిధిగా నియమితులయ్యారు. ఆమె ప్రజాజీవితం ఓడతో ముగియలేదు. ముగిసింది ఆ 600 మంది జీవితాలు. వాళ్ల కోసం పెట్టుకున్న కేసులు తీర్పు లేకుండానే మూతపడ్డాయి.

ఇక చర్చలో మీ అనుభవాలు వినాలని ఉంది.