విదేశయానము – గ్రామపంచాయతీల బాధ్యత
(మన్యప్రాంతపు గ్రామపంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



రహదారులు, మంచినీరు, పాఠశాలలు, వీధిదీపములు – వీనిని గురించి పంచాయతీ సభ్యులతో ముచ్చటించవలసినది ఎంతయో యున్నది. అట్టిచో, ఐరోపా దేశములకు పోవుటకు కావలసిన పాస్‌పోర్టు, వీసాలను గురించి అరకులోయలో ప్రసంగించుట దేనికని మీలో కొందరికి తోచవచ్చును. ఆ సందేహమునకు సమాధానము మన కొండవాలులలో సిల్వర్ ఓక్ చెట్ల నీడను పెరుగుచున్న కాఫీ మొక్కయే చెప్పగలదు.

ఈ కొండలలో పండిన కాఫీగింజ మనకంటె ముందుగా సముద్రము దాటినది. నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో ఇచ్చటి చిన్న, సన్నకారు గిరిజన రైతులు 2007లో పరస్పర సహాయ సహకార సంఘముగా ఏర్పడిరి. 2017లో ఫ్రాన్సు దేశపు రాజధానియైన పారిసు నగరమున ‘అరకు’ అను పేరుతోనే ఒక కాఫీ దుకాణము తెరువబడినది. 2018లో ఆ నగరమందే మన కాఫీకి బంగారు పతకము లభించినది. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చినది. సరకు పోయిన దారిని మనుష్యులు కూడ పోవుదురు. రైతులు ప్రదర్శనలకు పోవచ్చును. చదువుకొన్న మన బిడ్డలు పై చదువులకు, ఉద్యోగములకు పోవచ్చును. అట్లు పోవువారికి కావలసిన మొట్టమొదటి కాగితము ఢిల్లీలో గాని పారిసులో గాని పుట్టదు. మీ పంచాయతీ కార్యాలయములో పుట్టును. అందుచేతనే ఈ ప్రసంగము.

పాస్‌పోర్టు వేరు, వీసా వేరు. పాస్‌పోర్టు మన ప్రభుత్వము మనకిచ్చునది. ‘ఈతడు మా పౌరుడు’ అని చెప్పు పత్రమది. వీసా అవతలి దేశమువా రిచ్చునది. ‘ఈతడు మా గడపలోనికి రావచ్చును’ అని చెప్పు అనుమతి యది. మొదటిది లేనిదే రెండవది రాదు.

ముందుగా పాస్‌పోర్టు సంగతి. ఇది 1967 నాటి పాస్‌పోర్టుల చట్టము ననుసరించి ఇయ్యబడును. మన ప్రాంతమునకు విశాఖపట్నమున ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయము గలదు. పెద్దలకు 36 పుటల పాస్‌పోర్టునకు సాధారణ రుసుము 1,500 రూపాయలు. అది పదియేండ్లు చెల్లును. దరఖాస్తును కంప్యూటరు ద్వారా పంపి, ఒక దినము నిర్ణయింప జేసికొని, అసలు పత్రములతో స్వయముగా పోవలెను. పిమ్మట పోలీసువారు విచారణ చేయుదురు. ఇందు కష్టమేమియు లేదు. కష్టమంతయు పుట్టినతేదీ, పేరు అను రెండింటియందే యున్నది.

2023 అక్టోబరు 1వ తేదీన గాని, ఆ తరువాత గాని పుట్టినవారికి పాస్‌పోర్టు నిమిత్తము పుట్టినతేదీని రుజువు చేయుటకు జనన ధ్రువపత్ర మొక్కటియే చెల్లును. అంతకు ముందు పుట్టినవారికి పాఠశాల బదిలీ పత్రము, పదవతరగతి ధ్రువపత్రము, పాన్ కార్డు, డ్రైవింగు లైసెన్సు, ఓటరు కార్డు మొదలగు వానిలో ఏదైన నొకటి చాలును. కాని నేడు మీ ఊరిలో ఉయ్యాలలో నున్న బిడ్డకు ఆ సౌకర్యము లేదు. బడిలో చేరుటకు, ఓటరు జాబితాలో పేరు వ్రాయించుటకు, ప్రభుత్వోద్యోగమునకు, పాస్‌పోర్టునకు – అన్నిటికిని ఆ బిడ్డకు జనన ధ్రువపత్రమే ఆధారము.

1969 నాటి జనన మరణ నమోదు చట్టము ప్రకారము, బిడ్డ పుట్టిన 21 దినములలోగా ఆ సంగతి తెలుపవలెను. ఆ గడువు దాటినచో 30 దినముల వరకు ఆలస్య రుసుముతో నమోదు చేయుదురు. 30 దినములు దాటి ఏడాది లోపలనైనచో పై యధికారి వ్రాతపూర్వకమైన అనుమతి కావలెను. ఏడాది దాటినచో మేజిస్ట్రేటు ఉత్తర్వు తేవలసియుండును. ఆసుపత్రిలో కాన్పయినచో ఆసుపత్రివారే తెలుపుదురు. ఇంటివద్ద కాన్పయినచో ఆ బాధ్యత ఇంటి పెద్దది. వాగు పొంగి, దారి లేక, కొండమీది గూడెములో కాన్పయిన ఇల్లు మన ప్రాంతములో క్రొత్తకాదు. ఇరువదియొక్క దినములలో వ్రాయింపని ఆ ఒక్క వరుస, ఇరువది యేండ్ల తరువాత ఆ బిడ్డ దారికి అడ్డుపడును. అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త, వార్డు సభ్యుడు – ఈ ముగ్గురును నెలకొకసారి కూర్చుండి లెక్క చూచుకొన్నచో ఒక్క బిడ్డయు తప్పిపోడు.

రెండవది పేరు. కొర్ర, పాంగి, కిల్లో, వంతల, గొల్లోరి – మన యింటిపేర్లివి. బడి పుస్తకములో ఇంటిపేరు ముందు, ఆధార్ కార్డులో వెనుక, రేషను కార్డులో అసలే లేకుండ – ఇట్లు ఒకే మనిషి మూడు కాగితములలో మువ్వురైనచో, ఆతడు ఒక్కడే యని రుజువు చేసికొనుట ఆతనికే భారమగును. ఒక్కొక్కచోట పుట్టినతేదీ తెలియనివారికి జనవరి 1వ తేదీ వేయుట కూడ కద్దు. అది బడి పత్రముతో సరిపడదు. కావున ఎవరికైన కాగితములు వ్రాయించునపుడు, ముందున్న పత్రములోని వ్రాతయే అక్షరము పొల్లుపోకుండ ఎక్కించవలెను.

ఇక వీసా. ఐరోపాలో ఒక చిన్న గ్రామము గలదు. దాని పేరు షెంగెన్. లక్సెంబర్గు దేశములో, మోసెల్ నది యొడ్డున, ఫ్రాన్సు, జర్మనీ దేశముల పొలిమేరలు కలియుచోట, ద్రాక్షతోటల నడుమ నున్న యూరది. 1985 జూన్ 14వ తేదీన అచ్చటి నదిలో నిలిపిన యోడపై ఐదు దేశముల ప్రతినిధులు తమ నడుమ సరిహద్దు తనిఖీలు క్రమముగా తొలగించుటకు ఒప్పందము చేసికొనిరి. ఇప్పుడు 29 దేశము లందు చేరియున్నవి. ఒక గ్రామము పేరే ఈ దేశములన్నిటి వీసాకు పేరైనది. ఫ్రాన్సునకు వీసా పొందినవాడు దానితోనే జర్మనీ, ఇటలీ మొదలగు దేశములు కూడ తిరిగిరావచ్చును. అయితే బ్రిటను, ఐర్లాండు ఇందు చేరలేదు. వానికి వేరు వీసాలు కావలెను.

ఈ స్వల్పకాలపు వీసాతో ఏ 180 దినములలోనైనను 90 దినములకు మించి ఆ దేశములలో నుండరాదు. ఎక్కువ కాలము ఏ దేశములో గడుపదలచిరో ఆ దేశమువారికే దరఖాస్తు చేయవలెను. ప్రయాణమునకు ఆరు నెలలకు ముందుగా దరఖాస్తు పుచ్చుకొనరు. కనీసము 15 దినములు ముందుగానైన ఇయ్యవలెను. నిర్ణయమునకు సాధారణముగా 15 దినములు పట్టును. ఒక్కొక్కప్పుడు 45 దినముల వరకు జరుగవచ్చును. ఫ్రాన్సునకు దరఖాస్తులు పుచ్చుకొను కేంద్రమొకటి హైదరాబాదులో గలదు. పెద్దలకు రుసుము 2024 జూన్ నుండి 90 యూరోలు. కేంద్రమువారి సేవారుసుము దీనికి అదనము. వీసా నిరాకరించినను ఈ సొమ్ము తిరిగి రాదు.

కావలసిన పత్రములివి: పాస్‌పోర్టు గడచిన పదియేండ్లలోపల ఇచ్చినదై, తిరుగుప్రయాణపు తేదీ తరువాత ఇంకను మూడు నెలలు చెల్లునదై, రెండు ఖాళీ పుటలు కలదై యుండవలెను. 30,000 యూరోలకు తక్కువకాని వైద్యభీమా యుండవలెను. రాకపోకల టిక్కెట్ల వివరము, బస చేయు చోటు, ఖర్చులకు సొమ్ము కలదను రుజువు, పని ముగిసినపిదప స్వదేశమునకు తిరిగివచ్చునను నమ్మకము కలిగించు కాగితములు – ఇవియన్నియు చూపవలెను. పది వ్రేళ్ల ముద్రలును, ఫోటోయును తీసికొందురు. పట్టా భూమి, కాఫీతోట, సహకార సంఘ సభ్యత్వము, బ్యాంకు ఖాతా – ఇవి మన రైతు తిరిగివచ్చునని తెలుపు సాక్ష్యములు. పంటసొమ్ము చేతినుండి చేతికి పోక బ్యాంకు ఖాతాలో పడుట ఇందుకు కూడ మేలే.

బసను గురించి ఒక విశేషము చెప్పెదను. ఫ్రాన్సులో నొకరి యింట దిగదలచినచో, ఆ యింటివారు తమ ఊరి మేయరు కార్యాలయమునకు పోయి, ‘ఈ అతిథిని మా యింట ఉంచుకొందుము’ అని చెప్పి, ధ్రువపత్రము పొంది పంపవలెను. ఆ దేశములో చిన్న గ్రామమునకు కూడ మేయరు గలడు; మన సర్పంచి వంటివాడే. చూడుడు! ఇచ్చట బిడ్డ పుట్టుకను మన పంచాయతీ వ్రాయవలెను. అచ్చట అతిథి బసను ఆ ఊరి పంచాయతీ వంటి సంస్థ ధ్రువపరుపవలెను. ప్రయాణమునకు రెండు కొనలయందును గ్రామపాలనయే యున్నది.

వీసా దొరికినంతమాత్రమున పని పూర్తికాలేదు. విమానము దిగినచోట అధికారి మరల ప్రశ్నించును. ఎందుకు వచ్చితిరి? ఎన్నాళ్లుందురు? ఎచ్చట దిగెదరు? సమాధానము కాగితములతో సరిపడవలెను. అందుచేత ఆ పత్రములు పెట్టెలో అడుగున గాక చేతిసంచిలో నుంచుకొనవలెను. 2025 అక్టోబరు 12వ తేదీ నుండి క్రమముగా అమలులోనికి తెచ్చిన క్రొత్త పద్ధతి ప్రకారము, రాకపోకల తేదీలు, వ్రేలిముద్రలు, ముఖచిత్రము యంత్రములలో నమోదగును. గడువు దాటి ఒక్క దినమున్నను అది దాగదు. మాంసము, పాలతో చేసిన పదార్థములు వెంట తీసికొనిపోరాదు. కూరగాయలు, విత్తనములు, మొక్కలు తగిన ధ్రువపత్రము లేనిదే రానీయరు. కొండతేనె మాత్రము సొంత వాడుకకు రెండు కిలోల వరకు చెల్లును.

మనుష్యులకే కాదు, కాఫీగింజకు కూడ ఇట్టి విచారణ వచ్చుచున్నది. 2020 డిసెంబరు 31 తరువాత అడవి నరికిన భూమిలో పండినది కాదని, ఏ తోటలో పండినదో చూపవలెనని ఐరోపా సమాఖ్య 2023లో చట్టము చేసినది. దాని అమలు పలుమార్లు వాయిదా పడినది గాని నియమము రద్దు కాలేదు. అటవీ హక్కుల పట్టాలు, తోటల హద్దులు సరిగా నుంచుకొనుట అందువలన అవసరము.

ఇప్పుడు ముఖ్యమైన హెచ్చరిక. సందర్శకుల వీసాతో పోయి పనిచేయుట ఆ దేశముల చట్టమునకు విరుద్ధము. ‘ముందు చూచుటకు పొండు, అచ్చట ఉద్యోగము చూపెదము’ అను దళారి మాట నమ్మరాదు. 1860లో మద్రాసు రేవునుండి ట్రూరో అను ఓడలో నేటాలునకు పోయిన కూలీలలో తెలుగువారు కూడ గలరు. ఆ నాటి కూలీలలో పెక్కుమంది తాము చదువలేని ఒప్పందములకు వ్రేలిముద్ర వేసి పోయినవారే. ఆ కాలము గడచిపోయినదని అనుకొనరాదు. 2024లో విశాఖపట్నపు పోలీసులు బయటపెట్టిన వ్యవహారమున, కంప్యూటరు ఉద్యోగములని చెప్పి మన యువకులను కంబోడియాకు చేర్చి, అచ్చట వారిచేత బలవంతముగా సైబరు మోసములు చేయించిరని తేలినది. వారిలో పెక్కుమంది పాస్‌పోర్టులు లాగికొనబడినవి.

విదేశములలో పనికి మనుష్యులను పంపు ఏజెంటు 1983 నాటి చట్టము ప్రకారము కేంద్రప్రభుత్వపు లైసెన్సు పొందవలెను. ఆ లైసెన్సు నిజమో కాదో ఈ-మైగ్రేట్ అను ప్రభుత్వపు వెబ్‌సైటులో చూడవచ్చును. అట్టి ఏజెంటు సేవకు పుచ్చుకొనదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి యడిగినవాడు చట్టము దాటినవాడు. పదవతరగతి ప్యాసుకానివారు గల్ఫు మొదలగు 18 దేశములకు పనికి పోవునపుడు ప్రభుత్వపు అనుమతి కూడ పొందవలెను. ‘ఐరోపాకే’ యని చెప్పి గల్ఫులో దింపు దళారులున్నారు గనుక ఈ నియమము మన ఊళ్లకు ముఖ్యము.

పంచాయతీ సభ్యులు చేయదగినవి ఐదు పనులు. ఒకటి: గ్రామసభలో జనన నమోదు లెక్కను ప్రతిసారి చదివించుట. రెండు: పేర్లు, తేదీలు సరిపడనివారికి, ప్రయాణము తలపెట్టకముందే సవరణ చేయించుట. మూడు: ఊరినుండి దూరదేశమునకు పోవువారి పేరు, పాస్‌పోర్టు నకలు, పంపువాని వివరము ఇంటివారివద్ద నుండునట్లు చూచుట. నాలుగు: దళారికి సొమ్మిచ్చుటకై అప్పులు తేకుండ కాపాడుట. షెడ్యూలు ప్రాంతములలో గిరిజనులకిచ్చు అప్పులపై అదుపు కలిగియుండు అధికారమును 1996 నాటి పెసా చట్టము గ్రామసభకును పంచాయతీలకును ఉద్దేశించినది. గిరిజనుని భూమి గిరిజనేతరునకు పోరాదని 1/70 నిబంధన చెప్పుచున్నది. కాఫీతోటను నోటిమాటగా కుదువబెట్టి వీసా కొనబోవు కుటుంబమునకు ఈ రెండింటిని ముందుగా చెప్పువాడే నిజమైన సభ్యుడు. ఐదు: అనుమానము కలిగినచోట ఆలస్యము చేయక పోలీసులకు తెలుపుట.

విదేశయానము తప్పు కాదు. వద్దని చెప్పుటకు నేను రాలేదు. మన బిడ్డలు తప్పక పోవలెను, చూడవలెను, నేర్చుకొనవలెను. అయితే తలయెత్తుకొని, సరియైన కాగితములతో, తాము చదివి సంతకము చేసిన పత్రముతో పోవలెను. పోయినవారు క్షేమముగా తిరిగిరావలెను. అందుకు మొదటి వరుస మీ పంచాయతీ రిజిస్టరులో వ్రాయబడవలసి యున్నది. ఈ నెలలో మీ ఊర పుట్టిన బిడ్డలందరి పేర్లును అందు ఎక్కినవో లేదో, ఇంటికి పోగానే చూడుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.

జై హింద్!