దేవుని పిలుపును ఎరుగుట ఎట్లు?
(చిలుకూరు సంఘ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



"నా జీవితము పట్ల దేవుని చిత్తమేమిటి?" ఈ ప్రశ్న మన చిలుకూరులో ఎక్కువగా వినబడేది ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చినప్పుడు, లేదా పెండ్లి సంబంధము కుదిరే ముందు. పిల్లవాణ్ణి కోదాడలోనే చదివించాలా, హైదరాబాదు పంపాలా, ఉన్న ఎకరము అమ్మి విదేశానికి పంపాలా అని తలిదండ్రులు ప్రార్థన చేయమంటారు. అందులో తప్పు లేదు. కాని చాలాసార్లు నిర్ణయము ఇంటి దగ్గరే అయిపోయి ఉంటుంది. ప్రార్థన దానికి ముద్ర మాత్రమే. సీటు వస్తే దైవచిత్తము, రాకపోతే సాతాను ఆటంకము! అపొస్తలుడైన పౌలు అట్లు లెక్క వేయలేదు. బితూనియకు పోవాలనుకొన్నాడు, ఆత్మ వెళ్ళనియ్యలేదు. త్రోయకు వచ్చి ఆగాడు. అక్కడ గదా మాసిదోనియ దర్శనము కలిగింది!

ఖమ్మము దాటితే వచ్చే దోర్నకల్ మనకు తెలియని ఊరు కాదు. అక్కడికి అజరయ్య గారు ఎట్లు వచ్చారో కొంచెము వివరముగా చెప్పుకొందాము. వేదనాయకము శామ్యూల్ అజరయ్య గారు 1874లో తిరునల్వేలి ప్రాంతములో ఒక గురువు గారి ఇంట పుట్టారు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శి అయ్యారు. 1902లో సింహళములోని జాఫ్నాకు వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో ఇతర ప్రాంతములకు సువార్తికులను పంపుచున్నారు. అంత పెద్ద తిరునల్వేలి సంఘము చేయని పని అది. ఆయన సిగ్గుపడ్డారు. గమనించండి, ఆకాశము నుండి స్వరము రాలేదు. ఇతరుల సేవను చూచి మనస్సు నొచ్చింది, అంతే.

మరుసటి సంవత్సరము, 1903లో, భారతీయ మిషనరీ సంఘము ఏర్పడింది. అది నైజాము రాజ్యములోని దోర్నకల్ ప్రాంతమును తన సేవాక్షేత్రముగా ఎంచుకొన్నది. మొదట ఆయన రాలేదు, ఇతరులను పంపారు. 1905లో సేరంపూరులో జాతీయ మిషనరీ సంఘము పుట్టినప్పుడు దాని కార్యదర్శిగా ఊరూరా తిరిగి యువకులను "వెళ్ళండి" అని పిలిచారు. వెళ్ళమని చెప్పేవాడు తానెందుకు వెళ్ళలేదు? తన ప్రసంగమే తనకు తగిలింది. 1909లో ఆ పదవులు వదలి, గురువుగా అభిషేకము పొంది, దోర్నకల్ వచ్చారు. జాఫ్నాకు దోర్నకల్‌కు మధ్య ఏడేండ్లు! ముప్పది అయిదేండ్ల వయస్సులో తెలుగు నేర్చుకొన్నారు. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ గారు కళాశాలలో చదివినవారు. ఆమె కూడ ఈ పల్లెల స్త్రీల మధ్య సేవకు వచ్చారు. ఆమె పిలుపును గూర్చి మన ప్రసంగాలలో ఎవరూ చెప్పరు, అది నాకు లోటుగా తోస్తుంది.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. ఆ పదవి తరువాతి మాట. పల్లె దారులు ముందు వచ్చాయి.

ఆయన దగ్గరకు వచ్చినవారు ఎవరు? ఎక్కువమంది ఊరి బయట బ్రతికిన కూలిజనము. బాప్తిస్మము పొందినవారిని తమ తలమీద తామే చేయి పెట్టుకొని, సువార్త ప్రకటింపకపోతే నాకు శ్రమ అని పలుకమనేవారు. చదువురాని పాలేరుకు, నాట్లు వేసే తల్లికి కూడ ఆ మాటే. నీ పొలములోనే, నీ తోటి కూలీతోనే నీ సేవ మొదలు. అంటే వెట్టిచాకిరి దేవుని చిత్తమని కాదు. ఆ పిల్లల కొరకే బడులు పెట్టించారు గదా!

బాలుడైన సమూయేలు మూడుసార్లు పొరబడి ఏలీ దగ్గరకు పరుగెత్తాడు. పిలిచినది యెహోవా అని గ్రహించినవాడు ఆ ముసలి యాజకుడు. ఆయన చూపు మందగించింది, ఆయన ఇల్లు చక్కగా లేదు. అయినను ఆయన సహాయము లేక సమూయేలు ఆ స్వరమును గుర్తుపట్టలేదు. "దేవుడు నాతోనే మాట్లాడాడు, ఇక ఎవరినీ అడగను" అనే యువకుని చూస్తే నాకు భయము. పాస్టరు గారితో చెప్పు, అమ్మతో చెప్పు, నీ తప్పులు ఎరిగిన స్నేహితునితో చెప్పు. వారు నవ్వితే కొంత కాలము ఆగు.

తలిదండ్రులకు ఒక విన్నపము. ఈసారి ఫలితాలు రాకముందే పిల్లలను కూర్చోబెట్టి, "ఎవరి కష్టము చూచి నీకు నిద్ర పట్టలేదు?" అని అడగండి. వారు జవాబు చెప్పేదాకా మీ జవాబు చెప్పకండి.