గ్రీన్ టీ పొడితో ఎనర్జీ లడ్డూ: అసలు ఎనర్జీ ఎక్కడిది?

ఈరోజు గ్రీన్ టీ పొడితో ఎనర్జీ లడ్డూలు చేద్దాం. పంచదార వెయ్యం, బెల్లం వెయ్యం, పాకం పట్టే పనే లేదు. హాస్టల్ రూమ్‌లో ఒక ఇండక్షన్ స్టవ్, ఒక మిక్సీ ఉంటే చాలు. చేస్తూనే ఒక లెక్క కూడా చూద్దాం. ఈ లడ్డూలో ఎనర్జీ ఇచ్చేది నిజంగా ఏది?

ముందు పొడి సంగతి. టీ బ్యాగ్ చింపి అందులో ఉన్నది వేసేయకండి, పంటి కింద గరగరలాడుతుంది. మనకి కావాల్సింది మాచా. జపాన్‌లో కోతకి ముందు కొన్ని వారాలు టీ మొక్కలకి నీడ కడతారు. తర్వాత ఆకుని ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఈనెలు తీసేసి, రాతి తిరగలిలో మెత్తగా విసురుతారు. మామూలు టీలో ఆకు వడకట్టి పారేస్తాం. ఇక్కడ ఆకు మొత్తం తింటున్నాం.

కొలతలు రాసుకోండి. గింజ తీసిన ఖర్జూరం 150 గ్రాములు, పల్లీలు 100 గ్రాములు, నువ్వులు 50 గ్రాములు, మాచా రెండు టీస్పూన్లు, అంటే సుమారు 4 గ్రాములు. ఒక స్పూన్ నెయ్యి, చిటికెడు ఉప్పు, పైన దొర్లించడానికి కొంచెం ఎండుకొబ్బరి పొడి.

పల్లీలు సన్న మంట మీద దోరగా వేయించి పొట్టు తీయండి. నువ్వులు చిటపటలాడగానే దించేయండి, ఇంకాసేపు ఉంచితే చేదెక్కుతాయి. రెండూ బాగా చల్లారాక మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. ఒకేసారి తిప్పితే నూనె వదిలి ముద్దైపోతుంది. తర్వాత ఖర్జూరం, ఉప్పు, ఒకటిన్నర స్పూన్ మాచా వేసి మళ్లీ తిప్పండి. మాచా వేడి మీద వేస్తే రంగు పోతుంది, అందుకే చివర్లో. చేతికి నెయ్యి రాసుకుని 15 లడ్డూలు చుట్టండి. మిగిలిన అర స్పూన్ మాచాని కొబ్బరి పొడిలో కలిపి అందులో దొర్లించండి. లోపల ఖర్జూరం రంగు వల్ల ఆకుపచ్చ కనపడదు, పైన మాత్రం బాగా కనిపిస్తుంది. తడి తగలకుండా డబ్బాలో పెడితే వారం ఉంటాయి.

ఇప్పుడు లెక్క. ఒక్కో లడ్డూ సుమారు 90 కేలరీలు. ఇందులో మాచా వాటా దాదాపు సున్నా, అంతా ఖర్జూరం, పల్లీలు, నువ్వులదే. మాచాలో గ్రాముకి సుమారు 20 నుంచి 40 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. అంటే లడ్డూకి 5 నుంచి 11 మిల్లీగ్రాములు. ఒక కప్పు కాఫీలో దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. కాబట్టి నిద్ర ఆపుకోవడానికి ఈ లడ్డూ పనికిరాదు. పొడి ఎక్కువ వేస్తే చేదు పెరుగుతుంది, రాత్రి నిద్రా పోతుంది.

"షుగర్ ఫ్రీ" అని కూడా అనకండి. ఖర్జూరంలో దాదాపు మూడింట రెండు వంతులు చక్కెరే. లడ్డూకి ఆరు గ్రాములు పైనే పడుతుంది. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లకి "ఏం కాదు, హెల్తీ" అని ఇచ్చేయకండి.

అసలు చెప్పాలనుకున్నది ఇది. మనిళ్లలో ఆడపిల్లలకి నువ్వులుండలు ఊరికే పెట్టలేదు, రక్తం పడుతుందని పెట్టారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. గింజల్లో, ఆకుకూరల్లో ఉండే ఐరన్‌ని టీలోని పదార్థాలు పట్టేసుకుంటాయి, ఒంటికి తక్కువ అందుతుంది. అంటే ఐరన్ కోసం తినే నువ్వుల్లోనే ఐరన్‌ని అడ్డుకునే పొడి కలుపుతున్నాం!

అందుకే హిమోగ్లోబిన్ తక్కువున్నవాళ్లు ఇదే లడ్డూని మాచా లేకుండా చేసుకోండి, రుచి ఏమీ తగ్గదు. పక్కన ఒక జామకాయ తింటే ఐరన్ ఇంకా బాగా అందుతుంది. టీ, కాఫీ తిన్న గంట తర్వాతే. డాక్టర్ ఇచ్చిన ఐరన్ మాత్ర మాత్రం ఆపొద్దు, లడ్డూ దానికి బదులు కాదు.

మిగతావాళ్లు సాయంత్రం అయిదులోపు ఒకటో రెండో హాయిగా తినండి. అన్నం మానేసి మాత్రం కాదు!