కలుపులో కూర



మృగశిర కార్తెలో రెండు మంచి వానలు పడితే చాలు, మనము విత్తని పంట ఒకటి చేలోను, గట్టుమీదను మొలుచును. గంగపాయల, తుమ్మి, చెంచలి, గునుగు, పొన్నగంటి. వీటికి ఎరువు వేసినవారు లేరు, నీరు పెట్టినవారు లేరు. అయినా వానకాలమంతా ఎన్నో ఇండ్లలో పొయ్యిమీద ఉడికే కూర ఇదే.

ముందు నా పొరపాటు చెప్పుకొంటాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, జహీరాబాదు దగ్గర ఒక ఊరిలో జొన్నచేనికి 2,4-డి అనే కలుపుమందు కొట్టించాను. ఈ మందు గడ్డిజాతి పైరైన జొన్నను విడిచి, వెడల్పాకు మొక్కలను చంపును. మన కూరలన్నీ వెడల్పాకువే! సాయంత్రం ఆ రైతు తల్లి ఒడినిండా ఆకు కోసుకొని చేలోనుంచి వచ్చింది. "అవ్వా, అది మందు పడ్డ ఆకు, పారెయ్యి" అన్నాను. "పచ్చగనే ఉన్నది గద సారూ" అన్నది. నిజమే. మందు పడిన ఆకు వెంటనే వాడిపోదు. నేను చూడకపోతే ఆ రాత్రి అదే వండేవారు. ఆమె ఆకంతా కుమ్మరించి, "గడ్డి చస్తదంటివి, మంచిదే. రేపటిసంది కూరకు నేనేడికి పోవాలె?" అని అడిగింది. నేను చదివిన చదువులో దానికి జవాబు లేదు. మరునాడు ఆమె వెంట గట్లు తిరిగి నేర్చుకొన్నదే మీకు చెప్పుచున్నాను.

గంగపాయలకు ఎర్రని కాడ, మందపాటి ఆకు, పుల్లని రుచి ఉంటాయి. కాడ విరిస్తే నీరు రావలెను. పాలు కారితే అది వేరే మొక్క, పారవేయండి. తుమ్మికి తెల్లని పూలు. తెలంగాణలో వినాయక చవితినాడు ఈ కూర వండుకొంటారు. గునుగు లేతగా ఉన్నప్పుడే కూరకు పనికివచ్చును. కొన్ని మొక్కలు విడిచిపెడితే బతుకమ్మకు పూలు దొరుకును. పొన్నగంటి తడినేలలో పాకును. కణుపుకణుపునా తెల్లని చిన్న పూలగుత్తులుండును. మురుగుకాలువ ఒడ్డున మొలిచినది మాత్రం కోయవద్దు.

ఉమ్మెత్త మొక్క లేతగా ఉన్నప్పుడు కూరాకులో కలిసిపోగలదు. ఆకు నలిపితే వెగటు కంపు కొట్టును. అది తింటే నోరెండిపోయి, కనుపాపలు పెద్దవై, మనిషి మతిలేని మాటలు మాట్లాడును. అట్లా జరిగితే నాటువైద్యంతో పొద్దు పుచ్చక, మిగిలిన ఆకు చేతపట్టుకొని ఆస్పత్రికి పరుగెత్తండి. తెలిసిన ఆకునే కోయండి, అనుమానమున్నది విడిచిపెట్టండి.

గంగపాయలను ఉడికించి నీరు వంచి, పప్పులో వేసుకొంటే మేలు. మూత్రపిండాలలో రాళ్లున్నవారు దీనిని తినకుండుటే మంచిది.

కలుపు పైరు బలాన్ని తినునన్న మాట అబద్ధం కాదు, తీయవలసినదే. అయితే చేతితో తీస్తే కూరాకు ఇంటికి వచ్చును, పైరూ బాగుపడును. మందే కొట్టవలసివస్తే ముందుగా ఇంటి ఆడవారికి, కూలివారికి, పక్కచేనివారికి చెప్పండి. చేనికి నాలుగు మూలలా ఎర్రగుడ్డ కట్టండి. ఆ చేనులో ఆ పంటకాలమంతా కూర కోయవద్దు. ఇంటికి దగ్గరగా ఒక గట్టును మందు తగలకుండా కూరకే ఉంచండి.

ఆ అవ్వ ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే. ఈ వానకాలం మీ ఇంటి పెద్దమ్మ వెంట ఒకపూట గట్టుమీద నడవండి, పిల్లలనూ తీసుకొనిపోండి. ఆమెకు తెలిసిన పేర్లు పిల్లలకు రావలెను.

సెలవు.