పిల్లల వేళ్ళకి పిండి ముద్ద

పిల్లల పెంపకం మీద మాట్లాడమని కమిటీవారు నన్ను పిలిస్తే మా ఆవిడ పడీ పడీ నవ్వింది. నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. డాక్టర్నీ కాను, టీచర్నీ కాను. మా ఇంట్లో జరిగింది మాత్రం చెప్పగలను.

మావాడికి నాలుగున్నరేళ్ళప్పుడు ప్రీస్కూల్ టీచరు నన్ను పిలిపించింది. క్రేయాన్‌ని పిడికిలితో పట్టుకుంటున్నాడు, కత్తెర ఆడించలేడు, కోటు జిప్పు పెట్టుకోలేక ఆటకి అందరికంటే ఆఖర్న వెళ్తున్నాడు అంది. నాకు కోపం వచ్చింది. మూడో ఏటే ఐప్యాడ్ వాడిన పిల్లాడండీ! "అద్దం మీద వేలు జరపడానికి బలం అక్కర్లేదు కదా" అందావిడ శాంతంగా. ఆ తర్వాత, "ఇంట్లో అన్నం ఎవరు తినిపిస్తారు?" అని అడిగింది. నేను తల దించుకున్నాను. ఇక్కడ కూడా కొందరు దించుకుంటున్నారు, చూస్తూనే ఉన్నాను!

గోరుముద్దలు ప్రేమే, కాదనను. కానీ అన్నం కలిపి, ముద్ద చేసి, బొటనవేలితో నోట్లోకి తొయ్యడం వేళ్ళకి ఎంత కసరత్తో గమనించండి. ఆ కసరత్తంతా మనమే చేసేస్తున్నాం.

ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరికి వెళ్తే ఆవిడ బల్ల మీద మెత్తటి పిండి ముద్ద పెట్టింది. పెన్సిల్ పట్టాలంటే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కదలాలి, మిగతా రెండూ ముడుచుకుని నిలకడగా ఉండాలి. అరచేతి లోపలి చిన్న కండరాలకి బలం లేకపోతే అది కుదరదు. ముద్ద పిసికితే అరచెయ్యి పనిచేస్తుంది. పాములా దొర్లిస్తే రెండు చేతులూ కలిసి కదులుతాయి. శనగగింజంత ఉండ చెయ్యాలంటే వేళ్ళ కొసలే దిక్కు. కత్తెర కూడా ముందు ఆ పాము మీద ఆడించమంది. కాగితంలా జారిపోదు.

ప్లే-డో మొదట్లో బొగ్గు మసి పట్టిన వాల్‌పేపర్ తుడిచే ముద్దట! ఒక నర్సరీ టీచరు పిల్లల చేతికిచ్చి చూశాక, 1956లో ఆటవస్తువుగా బజారుకొచ్చింది. కొనక్కర్లేదు కూడా. రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, రెండు కప్పుల నీళ్ళు, రెండేసి చెంచాల నూనె, క్రీమ్ ఆఫ్ టార్టార్ కలిపి, సన్నటి సెగ మీద ముద్దయ్యేదాకా తిప్పితే సరి. గోధుమ పడని పిల్లలుంటే జాగ్రత్త. ఉప్పు ఎక్కువ కాబట్టి కుక్కకి అందనివ్వకండి.

మావాడికి వారంలో విసుగొచ్చింది. రంగు డబ్బాలు సోఫా కిందికి చేరాయి. ఆ దీపావళికి మా అమ్మ వచ్చింది, సూట్‌కేసులో గవ్వల పీటతో సహా. గోలీకాయంత పిండి ఉండని ఆ గీతల మీద బొటనవేలితో నొక్కి లాగితే గవ్వ అవుతుంది. మొదటిరోజు మావాడివన్నీ అప్పచ్చులే. నేను దిద్దబోతే అమ్మ నా చెయ్యి పక్కకి తోసేసింది. వాటినే వేయించి, పాకం పట్టి నాకు పెట్టింది! నెల తిరిగేసరికి వాడి గవ్వలకి గీతలు పడ్డాయి. వసంతంలో అమ్మని విమానం ఎక్కించే రోజున, కోటు జిప్పు తనే పైదాకా లాక్కుని, "నాన్నమ్మా, నీది పెట్టనా?" అన్నాడు.

పిండితోనే అన్నీ సర్దుకుంటాయని అనను. అనుమానముంటే పిల్లల డాక్టర్ని అడగండి, మొహమాటపడి ఊరుకోకండి. మేం థెరపీ కూడా ఏడాదిపాటు మానలేదు. షూలేసులకి వాడు ఇప్పటికీ నా దగ్గరికే వస్తాడు.

భోజనాల తర్వాత పిల్లల గదిలో పిండి ముద్దలు పెడుతున్నాం. గవ్వల పీట కూడా తెచ్చాను. పిల్లల్ని తీసుకురండి. పెద్దలు మాత్రం పక్కన కూర్చుని చూడాలి, చెయ్యి పెట్టకూడదు.