గొట్టంలోకి దూర్చే గొట్టం

 చక్కెర మిల్లులో చేసిన ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పమని ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం వారు అడిగారు. చోడవరం చుట్టుపక్కల వాళ్లకి చెరకు గురించి, గోవాడ మిల్లు ముందు బారులు తీరిన బళ్ల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? అందుకని మిల్లులో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు కూడా పట్టించుకోని ఒక వస్తువు గురించి చెబుతాను. దాన్ని ప్రోబ్ అంటారు. పొగో, గ్యాసో పోయే పెద్ద గొట్టానికి కన్నం పెట్టి, లోపలికి దూర్చే సన్నటి గొట్టం అది. లోపలి గ్యాసుని కొంచెం బయటికి లాగి చూడటానికి కొన్ని, లోపలే ఉండి వేగమో వేడో కొలవడానికి కొన్ని. మన మిల్లుల్లోని ప్రోబ్, విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలోది, కోనసీమ గ్యాసు లైన్లలోది, ఈ మూడూ చెప్పాలని కూర్చున్నాను.

ముందు బాయిలర్ దగ్గరికి వెళదాం. చెరకు పిప్పి మండటానికి గాలి తక్కువైతే నల్లపొగ వస్తుంది, ఎక్కువైతే వేడంతా చిమ్నీ పాలవుతుంది. గాలి సరిగ్గా అందుతోందా లేదా అన్నది పొగలో మిగిలిన ఆక్సిజన్ చెబుతుంది. మా రోజుల్లో ఇది ఆర్సాట్ పరికరంతో చూసేవాళ్లం. 100 మిల్లీలీటర్ల పొగని గాజు బ్యూరెట్‌లోకి లాగి, మొదట కాస్టిక్ పొటాష్‌లోకి పంపితే కార్బన్ డయాక్సైడ్ ఇంకిపోతుంది. తర్వాత పైరోగాలాల్ ద్రావణంలోకి పంపితే ఆక్సిజన్ పోతుంది. చివర క్యూప్రస్ క్లోరైడ్‌లో కార్బన్ మోనాక్సైడ్. ఎన్ని మిల్లీలీటర్లు తగ్గితే అంత శాతం. ఇప్పుడు అదే పని మీటరు క్షణంలో చేసి అంకె చూపిస్తుంది. మంచిదే. కాకపోతే ఆర్సాట్ అయినా మీటరైనా, ప్రోబ్ ఏ గ్యాసు తెచ్చి ఇస్తే దాని లెక్కే చెప్పగలదు. గొట్టంలో పోయేది ఒకటి, ప్రోబ్ తెచ్చింది ఇంకొకటి అయితే ఎంత ఖరీదు పెట్టి కొన్న మీటరైనా ఏం లాభం?

మా మిల్లులో ఒకసారి ఇలాగే జరిగింది. మీటరు ఆక్సిజన్ 12 శాతం చూపిస్తోంది. గాలి మరీ ఎక్కువైందనుకుని డ్యాంపర్ మూస్తూ పోయారు. చిమ్నీ నల్లగా కక్కింది, ఆవిరి ఒత్తిడి పడిపోయింది. మీటరు పాడైందని కంపెనీ వాళ్లకి కబురు పెట్టారు. ఈలోగా మా లేత్ మేస్త్రి అగరొత్తి ఒకటి వెలిగించి తెచ్చి, ప్రోబ్ బిగించిన ఫ్లాంజ్ దగ్గర పట్టుకున్నాడు. అగరొత్తి పొగ తిన్నగా ఫ్లాంజ్ సందులోకి పోయింది. "పొగ లోపలికెల్పోతంది సూడండి బాబూ. మీటరేటి సేస్తది?" అన్నాడు. ఫ్యాను పొగని చిమ్నీ వైపు లాగుతుంటుంది కాబట్టి ఆ గొట్టంలో ఒత్తిడి బయటికంటే తక్కువ. ప్యాకింగ్ వదులైన చోట బయటి గాలి చొరబడి నేరుగా ప్రోబ్ మూతి దగ్గరే కలుస్తోంది. ప్యాకింగ్ మార్చగానే అంకె సగానికి దిగింది.

ఆ మేస్త్రి చేతిలో తయారైన ప్రోబ్‌లు చూసినవాణ్ని కాబట్టే ఈ వస్తువంటే నాకింత ఇష్టం. ఆయన కేటలాగు చూసి చేసేవాడు కాదు. ముందు గొట్టం దగ్గరికి వెళ్లి చుట్టూ తిరిగేవాడు. వంపు ఎక్కడుంది, వంపు దాటాక ఎంత దూరం తిన్నగా పోయింది, నిలబడి పనిచేయడానికి చోటుందా, ఇవన్నీ చూసుకున్నాకే కన్నం ఎక్కడో సుద్దముక్కతో గుర్తు పెట్టేవాడు. వంపు తిరిగిన గ్యాసు ఒక పక్కకి ఒరిగి పోతుంది. అది మళ్లీ కుదురుకోవాలంటే గొట్టం వ్యాసానికి 8 రెట్ల దూరం తిన్నగా నడవాలి. తర్వాతి వంపు ఇంకా 2 రెట్ల దూరం ఉండగానే కొలిచేయాలి. చిమ్నీలు కొలిచేవాళ్లలో చాలామంది పాటించే లెక్క ఇది.

తిన్నగా పోయేటప్పుడు కూడా గ్యాసు అంతటా ఒకే వేగంతో పోదు. కాలవలో నీళ్లు గట్టు పక్కన నిదానంగా, నడిమిన వడిగా పోతాయే, అలాగే. అందుకని ప్రోబ్‌ని ఒకచోట ఉంచి ఊరుకోకుండా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా జరుపుతూ కొలవాలి. దీన్ని ట్రావర్స్ అంటాం. ఎక్కడెక్కడ ఆపాలి? ఒక మీటరు వ్యాసం గల గొట్టం తీసుకోండి. రెండు సమాన వైశాల్యాలుగా విడదీస్తే లోపలి వంతు 707 మిల్లీమీటర్ల వ్యాసం గల వృత్తం. మిగిలిన సగం వైశాల్యం బయటి 146 మిల్లీమీటర్ల అంచులోనే ఉంది. చేతివేలికి అందేంత దగ్గరలో గోడ వారగా సగం గొట్టం ఉందంటే మొదటిసారి విన్నప్పుడు నేనూ నమ్మలేదు, కాగితం మీద లెక్క వేసుకుని చూశాను. ఒక్కో వంతు వైశాల్యాన్నీ మళ్లీ సగం చేసే చోట ప్రోబ్ ఆగాలి. ఆ లెక్క ప్రకారం ఆగాల్సిన చోట్లు గోడ నుంచి 67, 250, 750, 933 మిల్లీమీటర్లు. నట్టనడుమ ఆగేది లేదు. నడుమ ఒక్కచోటే కొలిస్తే వడిగా పోయేదాన్నే చూసి గ్యాసు మొత్తాన్ని ఎక్కువ చేసి చెబుతాం.

మేస్త్రి ఈ నాలుగు దూరాలకీ ప్రోబ్ కడ్డీ మీద ఆకురాయితో గీతలు గీసేవాడు. మసి పట్టినా, చీకట్లోనైనా వేలితో తడిమితే తెలిసేంత లోతుగా గీసేవాడు. వేగం కొలిచే ప్రోబ్ అయితే మూతి గ్యాసుకి ఎదురుగా ఉండాలి. 1732లో ఆన్రీ పిటో అనే ఫ్రెంచి ఇంజనీరు పారిస్‌లో సెయిన్ నది వేగం కొలిచింది కూడా ఇలాగే, ప్రవాహానికి ఎదురు మూతి పెట్టిన వంపు గొట్టంతోనే. లోపలికి దూర్చాక మూతి ఎటు తిరిగిందో బయటికి కనిపించదు కదా! అందుకని కడ్డీ బయటి చివర, మూతి ఉన్న వైపే చిన్న ఇనప పుల్ల అతికించేవాడు. పొగలో బూడిద కొలిచేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. గ్యాసు ఎంత వేగంతో వస్తోందో అంతే వేగంతో ప్రోబ్‌లోకి లాగాలి. నిదానంగా లాగితే గ్యాసు పక్కకి తప్పుకుని పోతుంది, బరువున్న బూడిద మాత్రం తిన్నగా వచ్చి మూతిలో పడుతుంది. అప్పుడు లేని బూడిద ఉన్నట్టు లెక్క తేలుతుంది. గట్టిగా లాగితే దానికి తలకిందులు.

ఇంత పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు? సెన్సరు పెట్టెలో వస్తుంది, దానితో వచ్చిన పొట్టి గొట్టమే ప్రోబ్. నిచ్చెన ఎక్కడ ఆనితే అక్కడే కన్నం. వంపు పక్కన, గోడకి ఆనుకుని, ఒక్కచోటే ఏళ్లకేళ్లు కూర్చుంటుంది. దాని అంకె కంప్యూటరు తెరమీద రెండు దశాంశాలతో సహా కనిపిస్తుంది, అందరూ నమ్ముతారు. లక్షలు పోసి మీటరు కొన్నవాళ్లు దాని నోటికి అందించే గొట్టం మీద ఒక్క పూట ధ్యాస పెట్టకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఆ ధ్యాస పెట్టగల మేస్త్రులు పనిచేసిన సహకార చక్కెర మిల్లులు మన ప్రాంతంలో నాలుగుండేవి. తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ మూతపడ్డాయి.  మిల్లు మూతపడిందంటే రైతుల గోడు పేపర్లో వస్తుంది, రావాలి కూడా. ఆ మిల్లుల వర్క్‌షాపుల్లో చేయి తిరిగిన టర్నర్లు, ఫిట్టర్లు ఏమయ్యారో మాత్రం ఎవరూ రాయలేదు.

ప్రోబ్ పొడుగు విషయంలో మేస్త్రి దగ్గర నేర్చుకున్నది చెప్పకుండా ముందుకు పోలేను. కొత్తగా బిగించిన ప్రోబ్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్లు మూసుకునేవాడు. "గొట్టం పాడతంది బాబూ, పొట్టి సేయకపోతే ఇరిగిపోద్ది" అనేవాడు. ఆయన చేతికి తెలిసిన దానికి లెక్క ఉంది. గ్యాసు గుండ్రటి కడ్డీని దాటేటప్పుడు వెనకాల ఒకసారి ఇటు, ఒకసారి అటు సుడులు విడుస్తుంది. గాలికి తీగలు మోగడం ఇందువల్లే. 1878లో స్ట్రౌహాల్ అనే చెక్ శాస్త్రవేత్త ఆ మోతని పరిశోధించాడు. వేగాన్ని కడ్డీ వ్యాసంతో భాగించి, దాన్లో అయిదో వంతు తీసుకుంటే సెకనుకి ఎన్ని సుడులో దాదాపుగా తెలుస్తుంది. 20 మిల్లీమీటర్ల ప్రోబ్, సెకనుకి 20 మీటర్ల గ్యాసు అనుకోండి. సెకనుకి 200 సుడులు. రెండు మిల్లీమీటర్ల గోడ మందంతో 30 సెంటీమీటర్లు పొడుగున్న ఉక్కు గొట్టాన్ని ఒక చివర బిగించి మీటితే అది కూడా సెకనుకి 200 సార్లకి అటూ ఇటూగానే ఊగుతుంది. రెండూ కలిశాయంటే ప్రోబ్ మొదట్లో పగులు పుడుతుంది. అదే 20 సెంటీమీటర్లు చేస్తే దాని ఊపు 450కి పోతుంది, ఇక భయం లేదు.

జపాన్‌లో మోంజు అణు రియాక్టరు సంగతి వినండి. 1995 డిసెంబరు 8న అక్కడ సోడియం గొట్టంలో వేడి కొలిచే ప్రోబ్ తొడుగు ఇలాంటి ప్రకంపనలకే విరిగిపోయింది. సోడియం బయటికొచ్చి మండింది. రియాక్టరు మళ్లీ మొదలుపెట్టింది 2010లో. చెయ్యి ఆనించి చూసే మనిషి, దాని లెక్క వేసే మనిషి, ఇద్దరూ కావలసిన పని ఇది.

మిల్లులో మరో గ్యాసు ఉంది, గంధకం కాల్చి చెరకు రసంలోకి పంపే సల్ఫర్ డయాక్సైడ్. గాలిలో ఆక్సిజన్ 21 పాళ్లే కాబట్టి ఈ గ్యాసు 21 శాతం దాటడమన్నది లేదు. దీన్ని రైక్ పద్ధతిలో చూసేవాళ్లం. సీసాలో కొలిచి పోసిన అయోడిన్, అందులో గంజి. ముదురు నీలం. ప్రోబ్ నుంచి గ్యాసు బుడగలు బుడగలుగా వస్తుంటే ఉన్నట్టుండి నీలం మాయమై నీళ్లలా తేటపడుతుంది. గ్యాసుని లాగడానికి కింది సీసాలోంచి కారిన నీళ్లెన్నో చూసి లెక్క కట్టాలి. 10 మిల్లీలీటర్ల డెసినార్మల్ అయోడిన్‌కి 100 మిల్లీలీటర్ల నీళ్లు కారితే గ్యాసు 10 శాతం. ఈ పద్ధతి కనిపెట్టిన ఫెర్డినాండ్ రైక్‌కి రంగులు సరిగా కనిపించేవి కాదు. ఇండియం లోహాన్ని కనుక్కున్నప్పుడు కూడా దాని నీలి గీత చూసి చెప్పింది ఆయన సహాయకుడు రిక్టర్. ఈ గ్యాసుకి ప్రోబ్ చల్లబడకూడదు. చల్లబడితే లోపల పసుప్పచ్చగా గంధకం పేరుకుంటుంది, తడి చేరితే గ్యాసు అందులోనే కరిగిపోయి మనకి తక్కువ చూపిస్తుంది.

ఉక్కు ఫ్యాక్టరీ గురించి చెప్పాలి, సమయం తరిగిపోతోంది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని ముద్దు పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసుల నుంచి వచ్చే గ్యాసులో అయిదో వంతుకి పైగా కార్బన్ మోనాక్సైడ్. వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. అక్కడ ప్రోబ్ బయటికి లాగేటప్పుడు కన్నం తనంతట తానే మూసుకుపోయేలా వాల్వు ఉండి తీరాలి. కోక్ ఓవెన్ గ్యాసులోనైతే తారు, నాఫ్తలీన్ కలిసి ప్రోబ్ మూతిని పూడ్చేస్తాయి, ఆవిరితో కడుగుతూ ఉండాలి.

ఇక సహజవాయువు. అధిక ఒత్తిడిలో ఉన్న గ్యాసుని ఒత్తిడి తగ్గిస్తూ బయటికి తీస్తే ఒక బార్‌కి అర డిగ్రీ చొప్పున చల్లబడుతుంది. అందులో చమురు ఆవిరి ఉంటే అక్కడికక్కడే తుంపరలుగా కురుస్తుంది. గోడ వెంట జారే తడి ప్రోబ్‌లోకి రాకుండా మూతిని గొట్టం నడిమి మూడో వంతులో పెడతారు. ఒత్తిడి తగ్గించే వాల్వుని కూడా ప్రోబ్ కొసకే అమర్చి, పోయే గ్యాసు వేడితోనే దాన్ని వెచ్చగా ఉంచుతారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాసు లైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాసు కోసం వేసిన లైనులో తడి గ్యాసు పోయిందనీ, గొట్టం లోపల తుప్పు తినేసిందనీ విచారణలో తేలింది. గొట్టంలో ఏం పోతోందో ఎప్పటికప్పుడు సరిగ్గా తీసి చూడటం ఎంత అవసరమో ఆ ఊరి వాళ్లకి నేను చెప్పనక్కర్లేదు.

అనకాపల్లి, విశాఖ ఫ్యాక్టరీల్లో ఇప్పుడు ఇన్‌స్ట్రుమెంట్ విభాగంలో ఉన్న కుర్రాళ్లు వింటుంటే ఒక్క మాట. ఈ వారం మీ ప్రోబ్‌ని ఒకసారి బయటికి లాగి చూడండి. పొడుగెంత, మూతి ఎటు, కన్నం వంపుకి ఎంత దూరం, బొమ్మ గీసి తారీఖు వేసి ఫైల్లో పెట్టండి. తిరిగి బిగించేటప్పుడు ఫ్లాంజ్ మీద మూతి వైపు బాణం గుర్తు వెల్డింగ్ చేయించండి. పెయింటు వద్దు, ఒక్క సీజన్‌కే చెరిగిపోతుంది.