దేవర ముఖం చెక్కే ఇంటి పిల్లకు డిజైన్ చదువు



పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఒక్క చదువు గురించే చెప్తాను. అది చేతికళ, డిజైన్ చదువు. చెన్నూరు సభలో ఈ ముచ్చట ఎత్తడానికి కారణం ఉంది. ఇందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది.

కొన్నేళ్ల కింద మా హాస్టల్‌లో ఇంటర్ రెండో సంవత్సరం చదివే నాయకపోడ్ అమ్మాయి ఉండేది. బోటనీ రికార్డులో ఆకు గీయమంటే ఆకు గీసి, వెనక పేజీలో గుర్రం ముఖం గీసేది. లక్ష్మీదేవర ముఖం. వాళ్ల తాత పొనికి చెక్కతో దేవర ముఖాలు చెక్కే మనిషి. నేను కోప్పడ్డాను. "బొమ్మలు కూడు పెట్టవు, ముందు చదువుకో" అన్నాను. పిల్లల ఇంటి అనుభవం నుంచే పాఠం మొదలుపెట్టాలని టీచర్ ట్రైనింగ్‌లో చదువుకున్నదాన్నే. ఆ మాట పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఎదురుగా పిల్ల కూర్చుంటే మరిచిపోయాను.

డిగ్రీ దరఖాస్తులు నింపే రోజుల్లో తెలిసింది, హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉందని, ఇంటర్ పాసైతే అక్కడ బి.ఎఫ్.ఎ. చదవొచ్చని. అప్పటికే గడువు దాటింది. ఆ అమ్మాయి ఏదో డిగ్రీలో చేరి ఏడాదికే మానేసింది. ఇప్పుడు మంచిర్యాలలో ఒక బట్టల షాపులో చీరలు మడతపెడుతున్నది.

ఆ యూనివర్సిటీలో నాలుగేళ్ల కోర్సు. పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, ఫొటోగ్రఫీ ఉన్నాయి. ఇంటీరియర్ డిజైన్ కూడా ఉంది. ప్రవేశ పరీక్షలో జ్ఞాపకం నుంచి గీయడం ఉంటుంది. జాతర చూసి వచ్చి, గుర్రం ముఖం తలుచుకుని రికార్డులో గీసిన పిల్లకు అంతకంటే దగ్గరి పరీక్ష ఏముంటుంది?

మన దగ్గర ఈ విద్య లేదనుకోకండి. ఆసిఫాబాద్ వైపు ఉషేగావ్, కేస్లాగూడల్లో ఓజా అన్నలు డోక్రా పోత పోస్తారు. మట్టి ముద్దకు మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి, కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. మట్టి అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికి వస్తుంది. అందుకే ఒక అచ్చుకు ఒకే బొమ్మ. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిర్మల్ బొమ్మలకూ ఆ గుర్తింపు ఉంది. అవీ పొనికి చెక్కవే.

మరి చేయి మనదైతే కాలేజీ ఎందుకని మీరు అడగొచ్చు. కాలేజీ చేయి ఇవ్వదు. చేసిన పనిని కొలతలతో కాగితం మీద పెట్టడం నేర్పుతుంది. ఎన్ని రోజుల కూలి, ఎంత సామాను, ఎంత ధర అని లెక్క కట్టడం నేర్పుతుంది. కొనేవాడు ముందు కూర్చుంటే బెరుకు లేకుండా మాట్లాడటం నేర్పుతుంది. ఈ లెక్క రాకనే మన బొమ్మ మన ఇంట్లో ఒక ధర, షోరూమ్‌లో ఇంకో ధర అయి కూర్చుంది.

ఇంకో భయం కూడా ఉంది. ఆ అమ్మాయి తాత దగ్గరికి వెళ్లి, "తప్పు నాదే బాపూ" అని చెప్పినప్పుడు ఆయన నన్ను తిట్టలేదు. ఒకటే అడిగాడు. "సదివితే సదవనీ మేడమ్. కని దేవర ముకాన్ని గోడకు తగిలియ్యనీకి అమ్ముతదా?" నా దగ్గర జవాబు లేదు. ఈ సభలో ఉండాలి. పూజకు చెక్కేది ఏది, అమ్మకానికి చేసేది ఏది, ఆ గీత గీయవలసింది కాలేజీ కాదు, కొనేవాడు కాదు. పెద్దలు మీరే. ముందే గీసి పిల్లల చేతికి ఇవ్వండి. అప్పుడు వాళ్లు ధైర్యంగా మిగతాది నేర్చుకుంటారు.

తల్లిదండ్రులకు ఒక మాట. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇంటర్ రెండో సంవత్సరం మొదట్లోనే మీసేవలో తీసి పెట్టండి. పదో తరగతి లోపే డ్రాయింగ్ మీద ఇష్టం కనిపిస్తే లోయర్ గ్రేడ్, ఆ తర్వాత హయ్యర్ గ్రేడ్ పరీక్షల గురించి అడగండి. నిఫ్ట్ ప్రవేశ పరీక్ష ఇంగ్లీషులో, హిందీలో ఉంటుంది, తెలుగులో ఉండదు. కాబట్టి ఇంగ్లీషును ఇప్పటినుంచే పట్టుకోవాలి.

సంఘం పెద్దలను ఒకటే కోరుతున్నాను. ఏటా సన్మానాలకు శాలువాలు కొంటున్నాం. ఈ ఏడు రెండు శాలువాలు తగ్గించి, డిజైన్ పరీక్ష రాసే పిల్లలకు రంగులు, కాగితాలు, దరఖాస్తు ఫీజు, హైదరాబాద్ బస్సు ఖర్చు పెడదాం. స్కాలర్‌షిప్ చేతికి వచ్చేలోపు ఆగిపోయేది ఇక్కడే.

ఆ అమ్మాయి చెల్లెలు ఇప్పుడు మా హాస్టల్‌లోనే ఇంటర్ చదువుతున్నది. ఈసారి తేదీలు నేనే కనుక్కుని నోటీసు బోర్డుకు అంటించాను. ఆ పిల్ల చూసి నవ్వింది. "నేను ముందే రాసి పెట్టుకున్న మేడమ్. అక్కప్పుడు మీకు తెల్వలే కద" అన్నది.

తెల్వలేదు బిడ్డా. ఇప్పుడు తెలుసు. మీ అందరికీ కూడా తెలిసింది కాబట్టి, ఇక తెలియదనే మాట మనలో ఎవరమూ చెప్పలేం.